అచ్చాఫీసు లేని ఊళ్ళో అచ్చు

వేలిముద్ర ఎరుగని ఇల్లు మన పల్లెలలో ఉండదు. భూమి కాగితాలకైనా, బ్యాంకు అప్పుకైనా బొటనవ్రేలు నల్లని సిరాకు అద్ది కాగితం మీద నొక్కిన తల్లిదండ్రుల పిల్లలమే మనలో చాలామందిమి. ఆ వ్రేలిని ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఎత్తుగా ఉన్న సన్నని గట్లకు సిరా అంటుతుంది. గట్ల నడుమ ఉన్న పల్లానికి అంటదు. కాగితం మీద నొక్కినప్పుడు గట్లు నల్లగా దిగుతాయి, పల్లం తెల్లగా మిగిలిపోతుంది. చెక్క అచ్చు, రబ్బరు ముద్ర, ఒకప్పుడు అచ్చాఫీసులలో కూర్చిన సీసపు అక్షరాలు, వీటన్నిటి మర్మం ఇంతే.

మరి అచ్చాఫీసులో అంత పెద్ద యంత్రం ఎందుకు అని అడుగుతారేమో. యంత్రం చేసే పని ముఖ్యంగా ఒక్కటే, అదమడం. కాగితాన్ని సిరా పూసిన దిమ్మ మీద అంతటా సమానంగా, త్వరగా, వేలసార్లు అదమడం. వేలసార్లు అక్కరలేని వారికి, నలభయ్యో యాభయ్యో ప్రతులు చాలునన్న వారికి ఆ యంత్రంతో పనిలేదు. వంటింట్లో ఉన్న స్టీలు చెంచా చాలు. గత కొన్ని సంవత్సరాలుగా మా సంఘంలో సెలవుల్లో పిల్లలకు, సాయంత్రాలు స్త్రీల సమాజం వారికి ఈ పని నేర్పుతున్నాము. క్రిస్మస్ శుభాకాంక్షల కార్డులు, పెండ్లి శుభలేఖల మీది బొమ్మలు, గోనె సంచుల మీది గుర్తులు, నోటు పుస్తకాల అట్టలు, ఇవన్నీ ఇంటి వసారాలో కూర్చుని చేసినవే.

ఇది మేము కనిపెట్టినది కాదు, క్రొత్తదీ కాదు. చైనా దేశంలో తున్‌హువాంగ్ గుహలలో దొరికిన వజ్ర సూత్రం అనే బౌద్ధ గ్రంథపు చుట్ట మీద క్రీ.శ. 868వ సంవత్సరపు తేదీ ఉన్నది. తేదీ ఉన్న అచ్చు పుస్తకాలలో మనకు మిగిలినవాటిలో అది అత్యంత పురాతనమైనదని చెబుతారు. చెక్క మీద అక్షరాలు చెక్కి, సిరా పూసి, కాగితం పరచి, పైనుండి బ్రష్షుతో రుద్ది అచ్చు తీయడం ఆ దేశపు పద్ధతి. జర్మనీలో గూటెన్‌బెర్గ్ అచ్చు యంత్రం నడిపించినది అప్పటికి దాదాపు ఆరు వందల సంవత్సరాలకు తరువాత మాట. ఆ యంత్రం వచ్చిన కాలంలోనే, పదిహేనవ శతాబ్దం మధ్యలో, ఐరోపాలో పేదల బైబిలు అనే పేరుగల బొమ్మల పుస్తకాలు చెక్క దిమ్మలతో అచ్చయ్యాయి. వాటిలో తొలి ప్రతులు చేతితో రుద్ది తీసినవే. అందుచేతనే వాటికి కాగితం ఒక వైపే అచ్చు ఉంటుంది. రుద్దిన వైపు నలిగి మెరుగెక్కిపోతుంది గనుక దాని మీద మరల అచ్చు వేయడం కుదరదు. రెండు కాగితాల ఖాళీ వైపులను ఒకదానికొకటి అంటించి పుస్తకంగా కుట్టేవారు. మీరు కార్డులు చేసినప్పుడు ఈ సంగతి మీకే అనుభవానికి వస్తుంది.

ఇక పని సంగతి. మొదట దిమ్మ కావాలి. పట్టణాలలో బొమ్మల సామాను అమ్మే దుకాణాలలో లినోలియం ముక్కలు దొరుకుతాయి. అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనె గుడ్డ మీద పరచి చేసే పదార్థం అది. నేల మీద పరచడానికి పుట్టినది, చెక్కడానికి సులువు గనుక చిత్రకారుల చేతికి వచ్చింది. చలికాలంలో గట్టిపడితే కాసేపు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. అది దొరకని చోట మేము వాడేది పాత హవాయి చెప్పు. దాని రబ్బరుతో చక్రాలు కోసి బండ్లు చేసుకుని ఆడని పిల్లవాడు పల్లెలో ఉండడు. ఆ చెప్పునే వారపట్టీ ఊడదీసి, సబ్బుతో కడిగి, సిమెంటు గచ్చు మీద కాస్త ఇసుక చల్లి అరగదీస్తే చదునైన దిమ్మ తయారవుతుంది. సన్నని గీతలు దాని మీద నిలువవు. లావుపాటి ఆకారాలు, పెద్ద అక్షరాలు చక్కగా వస్తాయి. చిన్న గుర్తులకు బడిపిల్లల రబ్బరు చాలు.

ఉలి కొనవలసిన పని లేదు. పాడైపోయిన గొడుగు ఊచను గమనించండి. అది గుండ్రని కడ్డీ కాదు, సన్నని కాలువలాగా మడిచిన రేకు. వ్రేలెడు ముక్క విరిచి, కొనను ఏటవాలుగా సానరాతి మీద నూరి, రెండవ కొనను కర్ర పిడిలో బిగిస్తే కాలువ ఉలి సిద్ధం. ఉలి ఎప్పుడూ ముందుకే, మనకు ఎదురు దిశగానే నడవాలి. దిమ్మను పట్టుకున్న ఎడమ చెయ్యి ఉలికి వెనుకనే ఉండాలి గాని ముందు ఉండరాదు. ఈ ఒక్క మాట పిల్లలకు పదిసార్లు చెప్పండి. పదేండ్ల లోపు పిల్లల చేతికి ఉలి ఇవ్వవద్దు. వారికి బెండకాయ అడ్డంగా కోసి ఇస్తే అయిదు రేకుల పువ్వు తయారుగా ఉంటుంది, బంగాళాదుంప సగం కోసి ఇస్తే చెంచా కొనతోనే బొమ్మ గీసుకుంటారు.

చెక్కేటప్పుడు తలక్రిందులుగా ఆలోచించడం నేర్వాలి. పలక మీద మనం రాసినది కనబడుతుంది. దిమ్మ మీద మనం తీసివేసినది తెల్లగా కనబడుతుంది, వదిలిపెట్టినదే నల్లగా వస్తుంది. 1930లో దండియాత్ర సందర్భంగా నందలాల్ బోస్ గారు లినోలియం మీద చెక్కిన గాంధీగారి బొమ్మను మీలో చాలామంది చూచే ఉంటారు. చేతికర్ర పట్టుకుని నడిచిపోతున్న బొమ్మ. నల్లని నేల మీద కొద్దిపాటి తెల్ల గీతలు, అంతే. ఉలి తగిలిన చోటల్లా వెలుగు, తగలని చోటల్లా చీకటి. మొదటిసారి చెక్కేవారు ఎక్కువ చెక్కవద్దని మేము చెప్పేది దానిని చూపించే.

అక్షరాలు చెక్కాలంటే ఇంకొక చిక్కు ఉన్నది. అవి తిరగబడి ఉండాలి. అద్దంలో కనబడే రీతిగా. తెలుగు తలకట్టు కుడివైపు ఎగబ్రాకేది కాస్తా ఎడమకు తిరుగుతుంది. దీనికి మేము వాడే ఉపాయం తేలికైనది. మెత్తని పెన్సిలుతో పలుచని కాగితం మీద సరిగానే రాయండి. ఆ కాగితాన్ని దిమ్మ మీద బోర్లించి చెంచాతో రుద్దండి. పెన్సిలు మసి దిమ్మకు అంటుకుని అక్షరాలు వాటంతట అవే తిరగబడి దిగుతాయి. ఆ గీతలకు ఇరుప్రక్కల రబ్బరును తీసివేయడమే మిగిలిన పని. అనుమానముంటే ఇంట్లో అద్దం తెచ్చి ఎదురుగా పెట్టి చదువుకోండి.

ఇక్కడ మా సంఘంలోని ఒక పెద్దమ్మగారి సంగతి చెప్పాలి. అరవై దాటిన మనిషి. పొదుపు సంఘం పుస్తకంలో ఆమె ఎప్పుడూ వేలిముద్రే. అక్షరాలు నేర్పించాలని రెండుసార్లు మొదలు పెట్టించాము గాని, పలక పట్టుకోగానే ఆమెకు సిగ్గు. నా చెయ్యి కొడవలికి అలవాటు పడింది, బలపానికి లొంగదు అనేవారు. ఒక సాయంత్రం మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చి, పిల్లలు చెప్పుల రబ్బరు చెక్కుతుంటే కూర్చుని చూచారు. తరువాత, "అయ్యగారూ, నా పేరు కూడా ఒక ముక్క మీద వేసి ఇయ్యండి" అన్నారు. మేము రాసి, రుద్ది ఇచ్చాము. దిమ్మను అటూ ఇటూ త్రిప్పి చూచి, "నా పేరేంటయ్యా గోడ వైపుకు తిరిగి కూర్చుంది?" అని అడిగితే పిల్లలందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వారు.

ఉలి పట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కొడవలి పట్టిన చెయ్యి గదా, పిల్లలకంటె నిదానంగా, తిన్నగా నడిపించారు. మూడక్షరాల పేరుకు రెండు సాయంత్రాలు పట్టింది. ఒక్కొక్క వంపు చుట్టూ రబ్బరు తీసివేస్తూ, ఇది ఏమి, అది ఏమి అని అడుగుతూ ఆమె ఆ మూడక్షరాలను వ్రేళ్ళతో తడిమి నేర్చుకున్నారు. కాగితం మీద మొదటిసారి అచ్చు లేచినప్పుడు పేరు ఇటు తిరిగింది. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

అయితే రబ్బరు ముద్ర సంతకం కాదు, బ్యాంకువారు దానిని ఒప్పుకోరు. ఆ తరువాతి ఆలోచన మాది కాదు, ఆరవ తరగతి చదివే ఆ మనుమరాలిది. అదే దిమ్మకు లేత పసుపు రంగు పూసి, పాత క్యాలెండరు కాగితాల వెనుక వరుసలు వరుసలుగా అమ్మమ్మ పేరు అచ్చు వేసింది. ఆ లేత అక్షరాల మీద పెన్సిలుతో దిద్దుకోమని ఇచ్చింది. బడిలో దొరికే కాపీ పుస్తకాలలో ఎవరి పేరూ ఉండదు, ఇందులో తన పేరే ఉన్నది. రెండు నెలలకు పైగా ఆమె దిద్దారు. ఇప్పుడు పొదుపు సంఘం పుస్తకంలో సంతకం చేస్తున్నారు. అక్షరాలు కొంచెం పెద్దవిగా, గడి దాటి పోతూ ఉంటాయి. ఆమెను చూచి మరి నలుగురు తమ పేర్లు చెక్కించుకోవడానికి కాదు, చెక్కుకోవడానికి వచ్చారు. వయోజన విద్యా కేంద్రాలు నడిపే మన సంఘాలవారు ఈ పద్ధతిని ఒకసారి చూడవలెనని మా మనవి. ఖర్చు ఒక పాత చెప్పు.

ఇప్పుడు సిరా. అచ్చాఫీసువారు వాడే నల్ల సిరా నూనె సిరా. కాస్త అడిగితే డబ్బా మూతలో వేసి ఇస్తారు, అది చాలా రోజులు వస్తుంది. దానిని కడగడానికి కిరోసిన్ గుడ్డ కావాలి, ఆరడానికి రోజులు పడుతుంది. పిల్లలతో పని చేసేటప్పుడు మేము వాడేది దుకాణంలో దొరికే పోస్టరు రంగు. అది ఒక్కటే అయితే రుద్దేలోగా ఆరిపోతుంది. అందుకని మైదాపిండితో పలుచని జిగురు కాచి, చల్లారిన తరువాత రంగు రెండు పాళ్ళు, జిగురు ఒక పాలు కలుపుతాము. జపాను దేశపు చెక్క అచ్చుల వారు కూడా నీటి రంగులో బియ్యపు జిగురే కలుపుతారు. మెడికల్ షాపులో గ్లిజరిన్ దొరికితే నాలుగు చుక్కలు వేయండి, ఇంకొంచెం సేపు తడిగా ఉంటుంది.

సిరా పూయడానికి రబ్బరు రోలరు మంచిదే గాని అది లేదని ఆగనక్కరలేదు. దూదిని మెత్తని గుడ్డలో ముడిచి నిమ్మకాయంత మూట కట్టండి. గూటెన్‌బెర్గ్ కాలపు పనివారు కూడా తోలు సంచిలో ఉన్ని కూరిన మూటలతోనే అక్షరాలకు సిరా అద్దేవారు. ఒక పింగాణీ పళ్ళెంలో సిరా పలుచగా పరచి, మూటతో దాని మీద అద్ది, దిమ్మ మీద తేలికగా తట్టాలి. పూయకూడదు, తట్టాలి. సిరా ఎక్కువైతే పల్లాలలోకి దిగి అక్షరాలు ముద్దకడతాయి. అచ్చు సరిగా రాకపోతే అందరూ ఇంకా సిరా వేయబోతారు. పదింట తొమ్మిదిసార్లు చేయవలసినది తగ్గించడమే.

కాగితం పలుచగా ఉండాలి. బరువైన అట్ట మీద చెంచా పని చేయదు. పలుచని కాగితం మీద అచ్చు తీసి, ఆరిన తరువాత అట్టకు అంటించుకోవచ్చును. కాగితాన్ని దిమ్మ మీద ఒక్కసారిగా దించండి, జరపవద్దు. ఎడమ చేతి రెండు వ్రేళ్ళతో అదిమి పట్టి, చెంచాను బోర్లించి దాని బొడ్డుతో నడుమ నుండి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. కాగితం చిరుగుతుందనిపిస్తే పైన ఒక బటర్ పేపరు వేసుకోండి. పలుచని కాగితమైతే రుద్దుతుండగానే వెనుక వైపు బొమ్మ నీడలా తేలుతుంది. అది సమానంగా తేలితే పని అయినట్టే. అనుమానముంటే ఒక మూల ఎత్తి చూచి, చాలకపోతే మరల దించి రుద్దవచ్చును. యంత్రం ఈ అవకాశం ఇవ్వదు. జపానువారు దీనికి బారెన్ అనే గుండ్రని బిళ్ళ వాడతారు, వెదురు పట్టతో పేనిన త్రాడును చుట్టగా చుట్టి, దాని మీద వెదురు పట్టే కప్పి చేస్తారు. మన చెంచా దానికి చిన్న చెల్లెలు. అయితే సిరా అంటిన చెంచాను మరల వంటింట్లోకి పోనివ్వవద్దు. మా ఇంట్లో అమ్మగారు ఈ విషయంలో కరాఖండిగా ఉంటారు, అది న్యాయమే.

చిన్న దిమ్మలకు ఇంకొక మార్గమున్నది. అది మన కృష్ణాజిల్లా మార్గం. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో కలంకారీ బట్టల మీద టేకు చెక్క అచ్చులతో ముద్రిస్తారు. అక్కడ కాగితం దిమ్మ మీదికి రాదు, దిమ్మే బట్ట మీదికి వెళుతుంది. బల్ల మీద గోనెలు, గుడ్డలు మడతలుగా పరచి మెత్త చేస్తారు. అచ్చును రంగుకు అద్ది, బట్ట మీద సరిగా నిలిపి, పైన పిడికిలితో చరుస్తారు. బట్టను ముందే కరక్కాయ నీటిలో ముంచి ఉంచుతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీటిలో ఊరబెట్టిన ద్రవం ఆ కరక్కాయ బట్టకు తగలగానే నల్లబడుతుంది. మనం కాగితానికి అంత శ్రమ పడనక్కరలేదు. ఒక దుప్పటి నాలుగు మడతలు పెట్టి, దాని మీద కాగితం పెట్టి, దిమ్మతో అద్ది పిడికిలితో ఒత్తితే చాలు. క్రింద మెత్త ఉండాలన్నదే కిటుకు.

దిమ్మ చెక్కే ఓపిక లేనివారికి రేకు అచ్చు ఉన్నది. ధాన్యం బస్తాల మీది గుర్తులు అలా వేసినవే. పాత ఎక్స్‌రే ఫిలిం దీనికి బహు చక్కనిది, తడిసినా పాడవదు. బొమ్మను బ్లేడుతో కోసి, ఆ కంత మీద స్పాంజితో రంగు అద్దడమే. ఇందులో అక్షరాలు తిరగేయనక్కరలేదు గాని తెలుగుకు మాత్రం ఒక ఇబ్బంది ఉన్నది. సున్నాను చుట్టూ కోస్తే నడిమి బిళ్ళ ఊడి క్రింద పడుతుంది. 'ర' సంగతీ అంతే, 'ఠ' అయితే మరీ. అందుకే నడిమి బిళ్ళకు రెండు చోట్ల సన్నని వంతెనలు వదిలి కోయాలి.

ఈ రేకు అచ్చుతోనే జీవితమంతా పని చేసిన ఒక క్రైస్తవ కళాకారుని గురించి మన పాఠకులు తెలిసికొనదగును. ఆయన పేరు సదావో వతనాబె. 1913లో టోక్యోలో పుట్టారు, 1996లో మరణించారు. పదిహేడవ ఏట బాప్తిస్మం పొందారు. కెయిసుకె సెరిజావా అనే గురువు దగ్గర బట్టలకు రంగులద్దే పాత విద్య నేర్చి, దానిని కాగితం మీదికి తెచ్చారు. గట్టిపరచిన కాగితంలో బొమ్మ కోసి, ఆ కంతల గుండా బియ్యపు జిగురు పూసేవారు. జిగురు ఆరిన తరువాత సోయా పాలు కలిపిన రంగులు బ్రష్షుతో వేసి, చివరకు నీటిలో కడిగేవారు. జిగురు ఉన్న చోట రంగు అంటదు. ఆయన వాడిన కాగితం కూడా చేతులతో నలిపి ముడతలు తెప్పించిన జపాను కాగితం. బొమ్మలన్నీ బైబిలు సంగతులే. అయితే ఆయన గీసిన ప్రభురాత్రి భోజనంలో బల్ల మీద ఉండేది జపానువారు తినే చేపలు. ఆయన అచ్చులు పెద్ద పెద్ద మ్యూజియములలోకి ఎక్కాయి. ఆయన మాత్రం తన బొమ్మలు మామూలు జనం కూడే చోట్లలో వ్రేలాడాలని కోరుకున్నారు.

మేము ఆయన బొమ్మల ఫోటోలు పిల్లలకు చూపించిన సంవత్సరం ఒక మార్పు కనబడింది. అంతకు ముందు క్రిస్మస్ కార్డు చెక్కమంటే దుకాణంలో చూచిన మంచు, దేవదారు చెట్లు, రేన్‌డీరు బండ్లే చెక్కేవారు. మంచు ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ ఏడు ఒక కుర్రవాడు తాటిచెట్టు క్రింద పశువుల పాక చెక్కాడు. పాకలో గేదె ఉన్నది. గేదె ఎందుకు అంటే, "మా పాకలో అదే ఉందండీ" అన్నాడు. గేదె కొమ్ములు దిమ్మ అంచు దాటి పోయాయి. ఆ ఏడు మేము పంపిన కార్డులలో అందరూ దాచుకున్నది అదే.

ఫోనులో ఒక్క నొక్కుతో వందమందికి రంగుల బొమ్మ పంపగలిగిన కాలంలో ఇదంతా ఎందుకని యౌవనస్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వంద ఇండ్లకు కబురు చేరవేయడమే పని అయితే ఫోనే మేలు, మేమూ అదే వాడతాము. నోటీసు వేయాలన్నా, ఎక్కువ ప్రతులు కావాలన్నా జిరాక్సు దుకాణమే నయం. చేతి అచ్చుకు రోజు మొత్తం కూర్చున్నా యాభై దాటవు, ఏ రెండూ ఒక్కలాగా ఉండవు. కాని తాటాకు పాకలో గేదెను చెక్కిన కుర్రవానికి ఫోనులోని బొమ్మ ఆ పని చేయలేదు. పెద్దమ్మగారి పసుపు అక్షరాల కాగితాలు ఏ దుకాణంలోనూ అమ్మరు.

చివరగా ఆరబెట్టే సంగతి. బట్టల క్లిప్పులతో దండెం మీద వ్రేలాడదీయండి, ఒకదానిపై ఒకటి పేర్చవద్దు. పోస్టరు రంగు గంటలో ఆరుతుంది. నూనె సిరాకు ఎండ రోజుల్లో మూడు నాలుగు దినాలు, ముసురు పట్టితే వారం పైనే. తుఫానులు వచ్చే నెలలు గనుక క్రిస్మస్ కార్డులు నూనె సిరాతో వేయదలచినవారు నవంబరు నెలలోనే చెక్కడం మొదలు పెట్టండి. పని అయిన వెంటనే దిమ్మను తుడిచి, ఎలుకలకు అందకుండా డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఏటికీ పనికి వస్తుంది.